రాజ్ కుమార్ వేసిన అతుకు

బళ్లారి నుంచి కుడతిని పోయే రోడ్డులో లారీ సైలెన్సర్లకు వెల్డింగ్ చేసే రాజ్ కుమార్‌కు రెండు గొప్పలున్నాయి. ఒకటి, చప్పుడు విని ఇంజన్ రోగం చెప్పేస్తాడు. రెండోది, "నేనేసిన అతుకు ఎవరూ విప్పరు" అంటాడు. నా స్పేర్ పార్ట్స్ అంగడి పక్కనే అతని షెడ్డు కాబట్టి ముప్పై ఏళ్లుగా వింటున్నాను. ఆదివారం చర్చి కాయర్లో అతని పక్కన నిలబడే భాగ్యం కూడా నాదే. నా శ్రుతి తప్పితే పాట మధ్యలోనే మోచేత్తో పొడుస్తాడు. అతని చెవి మీద నాకు కోపమే గాని అనుమానం లేదు.

పోయిన వేసవిలో దురుగప్ప కొత్త లారీ తెచ్చాడు. కుడతిని కరెంటు ఫ్యాక్టరీ నుంచి బూడిద తోలే బండి.

"రాజన్నా, ఈ డబ్బా తీసి సీదా పైపు ఏసెయ్. సౌండ్ రావల్ల. మైలేజీ గూడ పెరుగుతాదంట" అన్నాడు.

ఆ డబ్బాలో పొగలోని మసిని పట్టే జల్లెడ ఉంటుంది. దానికి ముందొక సన్న గొట్టం, వెనకొక సన్న గొట్టం. రెండూ పోయి ఒక సెన్సరుకు తగులుతాయి. రాజ్ కుమార్ బ్యాటరీ వైరు ఊడదీసి, డబ్బా కోసి, దాని చోట పైపు అతికి, ఆ రెండు గొట్టాల్నీ పైపుకే తగిలించాడు. "దాని గొట్టాలు దానికి ఉండాయి. ఇంకేం గావల్ల?" అన్నాడు. కోసిన డబ్బా మీద లారీ నంబరు సుద్దతో రాసి గోడకు వేలాడదీశాడు. గిరాకీల సామాను పాత ఇనుము కొనే గుజరీకి అమ్ముకోవడం అతని ఇంటా వంటా లేదు.

స్టార్ట్ చేస్తే వీధంతా అదిరింది. దురుగప్ప ముఖం వెలిగిపోయింది.

మూడో రోజు పొద్దున అదే లారీ పెళ్లి ఊరేగింపులా వచ్చి షెడ్డు ముందు ఆగింది. డ్యాష్‌బోర్డులో పసుపు దీపం.

"స్పీడు ఇరవై దాటడంల్యా రాజన్నా. లోడుతో బ్రిడ్జి ఎక్కల్యా. ఎనకాల వాళ్లంతా తిడతాండారు. సాయంత్రం లోపల దింపకుంటే నా వరుస ఇంకొకనికి పోతాది."

రాజ్ కుమార్ బండి మీద చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని విన్నాడు. "ఇంజన్‌కు ఏం రోగం ల్యా" అన్నాడు. నిజంగానే లేదు.

ఎదురు షెడ్డులో లారీల వైరింగ్ పని చేసే సుష్మ స్కానర్ తెచ్చి తగిలించింది.

"అంకుల్, జల్లెడకు ముందు పొగ ఒత్తిడి ఎంత, వెనక ఎంత అని ఈ సెన్సరు చూస్తాంటాది. జల్లెడ ఉంటే తేడా రావల్ల. ఇప్పుడు రెండు పక్కలా ఒకటే ఉండాది. జల్లెడ ల్యాదని బండిలోని కంప్యూటర్‌కు తెల్సిపోయింది. అందుకే అదే ఇంజన్‌ను పట్టి పెట్టింది."

చుట్టూ పది మంది డ్రైవర్లు. పాపం, దురుగప్పే రాజ్ కుమార్‌కో దారి చూపాడు.

"సెన్సరును ఏమార్చే డబ్బీ దొరుకుతాదంట గదా! అది పెట్టేద్దాం. నీ అతుకు ఎట్లుండేది అట్లే ఉంటాది."

తెప్పించి ఇస్తానని నేను సైగ కూడా చేశాను. సిగ్గుపడే చెబుతున్నాను. ముప్పై ఏళ్ల పేరు అందరి ముందూ పోతుంటే చూడలేకపోయాను.

రాజ్ కుమార్ నా వైపు చూడలేదు. గోడ మీద డబ్బాను కాసేపు చూశాడు. తర్వాత చర్చిలో పాడే గొంతుతోనే, రోడ్డవతలికి వినపడేటట్టు అన్నాడు:

"తప్పు నాది దురుగప్పా. ఇంజన్ మాట వింటి గానీ, ఆ సెన్సరు ఏమంటాదో అడగల్యా. నిజం చెప్పేదాన్ని ఏమార్చే పని నాకొద్దు."

పైపు చల్లారగానే గ్రైండర్ తీసుకుని తన అతుకును తనే కోశాడు. ఒక్క డ్రైవరూ నవ్వలేదు. డబ్బా దించి అతికాడు. ముందు గొట్టం ముందు, వెనక గొట్టం వెనక తగిలించాడు. అతుకు చుట్టూ సబ్బు నీళ్లు పూసి, ఎక్కడా బుడగ లేదని నాలుగుసార్లు చూసుకున్నాడు. సుష్మ పసుపు దీపం ఆర్పింది. మూడు గంటలకల్లా లారీ పెద్దగా చప్పుడు లేకుండా బ్రిడ్జి ఎక్కి అవతలికి దిగిపోయింది.

ఇక గొప్పలు మానేస్తాడనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఒక డ్రైవరు, "రాజన్నా, నువ్వేసిన అతుకు ఎవరూ విప్పరంటివే!" అని గిల్లాడు.

రాజ్ కుమార్ వెల్డింగ్ కళ్లద్దాలు పైకెత్తాడు. "ఇప్పుడూ అదే అంటాండా. నేనేసిన అతుకు, నేను తప్ప ఎవరూ విప్పల్యారు."

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. కానీ ముప్పై ఏళ్లలో ఆ గొప్పను పూర్తిగా నమ్మింది మాత్రం ఆ రోజే.