జహీర్ సాబ్ మీద కూతురి సాక్ష్యం

మాది చింతకి అనే పల్లె. బీదర్‌లో నేను కుట్టుమిషను పెట్టుకున్న గదికీ, జహీర్ సాబ్ పాఠం చెప్పే గదికీ మధ్య ఒకటే గోడ, దానికో కిటికీ. ప్రవక్త మాటలు హదీసులు. ఒకరి నోట ఒకరు విని, తరతరాలుగా అందించినవి. మరి మధ్యలో చెప్పినవాళ్లను నమ్మడమెలా? ఆయన పాఠమంతా అదే.

"మంచోడైతే సాలదు దత్తయ్యా," అని నాకూ విడమరిచి చెప్పేవారు. "నమాజ్ తప్పనోడే, అబద్ధం ఆడనోడే. కానీ యాది సక్కగ లేకుంటే ఆయన మాట పక్కకు పెడతరు. ఎవరి దగ్గర ఇన్నడు, ఆ ఇద్దరు నిజంగ కలిసిన్రా, ముసలితనంల మతి తప్పిందా, అన్నీ ఆరా తీస్తరు."

నేను ఊరుకుంటానా! "పెండ్లి సంబంధానికి గూడ గింత ఆరా తియ్యరు సాబ్," అన్నాను. కళ్లజోడు తీసి మరీ నవ్వారు.

పాతకాలపు పరీక్ష ఒకటి శిష్యులకు నేర్పారు. హదీసు అందించినవాళ్ల పేర్లు కావాలనే మార్చి గురువు ముందు చదవాలి. గురువు పట్టుకుంటే సరే. తల ఊపితే ఇక ఆయన జ్ఞాపకాన్ని నమ్మకూడదు. పిల్లలు ఎన్ని ఎత్తులు వేసినా ఆయన మధ్యలోనే వేలెత్తి ఆపేసేవారు. ఆయన నోట విన్నామని చెప్పుకోవడానికి కలబురగి నుంచి కూడా వచ్చేవారు. ఆ పేరు తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు.

ఒకసారి నేను కుట్టిన షేర్వానీ పట్టుకెళ్లి, మర్నాడు మళ్లీ దానికోసమే వచ్చారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆయన కూతురు సబీహా ఊరుకోలేదు. తనూ ఆ గదిలోనే తెర వెనక కూర్చుని చదివే శిష్యురాలు. ఒకరోజు తన వంతు రాగానే ఒక హదీసు చదివింది.

"సహీ," అన్నారాయన, సరిగ్గా ఉందన్నట్టు తల ఊపి.

ఇంకొకటి చదివింది.

"సహీ, బేటీ."

ఆమె పుస్తకం మూసేసింది. "అబ్బాజాన్, రెండుసార్లూ పేర్లు మార్చి చదివిన."

నేను మిషను ఆపేశాను. ఒళ్లు మండింది నాకు. అందరి ముందు కన్నతండ్రి పరువు తీస్తుందా ఈ పిల్ల!

"అలసిపోయిన్రు హజ్రత్," అని ఒక శిష్యుడు సర్దబోయాడు. జహీర్ సాబ్ చేత్తో వారించారు.

"ఎప్పటి సంది బేటీ?"

"రంజాన్ సంది, అబ్బాజాన్."

 ఆయన శిష్యుల వైపు తిరిగారు. "రంజాన్ దాక నా నోట ఇన్నది చెప్పుకోండి. ఆ తర్వాతది నా పేరు మీద ఎవరికీ చెప్పొద్దు."

కిటికీ ఇవతల నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత పెద్ద మనిషిని నేను మళ్లీ చూడలేదు.

"రేపు నా గురించి ఎవరన్న అడుగుతే ఏం చెప్తవ్?" అని కూతుర్ని అడిగారు.

"మంచి మనిషి. ముసలితనంల యాది తప్పింది."

"ఎవరు చెప్పిన్రంటే?"

ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

"ఆయన బిడ్డనే చెప్పిందను," అన్నారు జహీర్ సాబ్. "నమ్ముతరు."