నాలుగు మూరల టేపు

చాచా పోయాడన్న కబురు నాకు చీరల మధ్యలో తెలిసింది. కరీంనగర్‌లో ఒక బట్టల షాపులో చీరలు విప్పి చూపించి మళ్లీ మడత పెట్టే పని నాది. పొద్దంతా నిలబడే చేయాలి. కొనేవాళ్లకు మెత్తటి కుర్చీలుంటాయి, మాకు స్టూలు కూడా ఉండదు. ఆ కుర్చీలో కూర్చున్న ఒకామె "దీంట్లనే పసుపుపచ్చ ఉందా?" అని అడుగుతుంటే ఫోను వణికింది. సిరిసిల్లలో నాతోపాటు పనిచేసిన అక్క మెసేజు. "చాచా పోయిండే. పొద్దుగాల నమాజు చేసి జరంత ఒరుగుతనని ఒరిగిండట. మల్ల లేవలే."

నేను ఆమెకు పసుపుపచ్చ చీర తీసి చూపించాను. అది ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

సెలవు అడిగితే మేనేజరు "నీకేమైతడు?" అన్నాడు. చాచా అన్నాను. నన్ను కిందికీ మీదికీ చూసి "అంటే సొంత చుట్టం గాదు" అన్నాడు. మెడలో ఉన్న షాపు కార్డు తీసి కౌంటరు మీద పడేసి బస్సెక్కాను. నేను పోయేసరికి జనాజా లేచి కబరస్తాన్‌కు పోయింది. వాకిట్లో ఒలికిన నీళ్లు ఇంకా ఆరలేదు.

నిజమే, సొంత చుట్టం కాదు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటాం. మా కార్ఖానాలో సాంచాలకు ఏ రోగమొచ్చినా చూసే మనిషి చాచా. నేను కండెలు చుట్టేదాన్ని. సాంచెలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఉంటుంది కదా, దాని కడుపులో పెట్టే పుల్లకు నూలు చుట్టడమన్నమాట. పదో తరగతి లెక్కల్లో తప్పి, మళ్లీ పరీక్ష కట్టకుండా ఆ పనిలో చేరాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఫోనులో చూసి నేర్చుకున్నదే. కొంత చాచా దగ్గర.

ఆయన బతుకంతా సాంచాల మోతలోనే గడిచింది, ముందు బొంబాయి దగ్గర భివండిలో, తర్వాత సిరిసిల్లలో. చెవులు సగం పోయాయి. "ఎడమ చెవిని భివండిల ఇడిసిపెట్టి వచ్చిన బిడ్డా. కుడిదాన్ని గీడ కొంచెం కొంచెం ఇచ్చుకుంటున్న" అని నవ్వేవాడు.

అట్లాంటి మనిషికి ఒక పాటల కాసెట్టు ఉండేది. భివండిలో ఫుట్‌పాత్ మీద కుప్పలోంచి ఏరుకున్నది. ఎవరో ఇంట్లో కాపీ చేసుకున్నది కాబట్టి దానికి అట్టా లేదు, బొమ్మా లేదు. నీలం సిరాతో ఇంగ్లీషులో 'లైవ్' అని ఒక్క మాట. ఖవ్వాలీ అనుకుని తెచ్చుకున్నాడట. "ఏసి సూస్తే గీ లొల్లి! బంజేద్దామని డబ్బ మీద చెయ్యి వెట్టిన. ఇగ చెయ్యి తియ్యబుద్ధి కాలే."

ఆయన వినేది చేతితో. మధ్యాహ్నం బువ్వ వేళ సాంచాలన్నీ ఆపేస్తే కిటికీ అరుగు మీద టేప్‌రికార్డరు పెట్టి, దాని నెత్తి మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. చెయ్యి ఆనిన చోట నల్ల రంగు పోయి తెల్లబడింది.

మొదటిసారి విన్నప్పుడు నాకు నచ్చలేదు. మొహం మీదే చెప్పాను.

"ఇదేం పాట చాచా? రేకుల షెడ్డు మీద ఎవడో రాళ్లేస్తున్నట్టుంది."

"చెవితోని వింటే గట్లనే ఉంటది. చెయ్యి వెట్టు."

పెట్టాను. అరచేతికి తెలిసింది. అందులో పాట నడిపేది పాడేవాడు కాదు, లావు తీగల గిటారు. కింద అది నడుస్తూ ఉంటుంది, మిగతావాళ్లంతా దాని వెంట పోతారు. డ్రమ్ము వంకర పోదు, మంచి సాంచె లాగా ఒకటే దెబ్బ. సన్న గిటారు గీరుతుంది. ఇక పాడేవాడు పాడనే పాడడు. ఆఫీసు కిటికీ ముందు నిలబడి 'నా కాగితం ఏమైంది?' అని పదోసారి అడిగే మనిషి గొంతు అది. ఇంగ్లీషు నాకు అప్పుడు నాలుగు ముక్కలు కూడా రావు. కానీ ఆ గొంతు నాకు తెలుసు. అది నా గొంతే.

ఆ రకం పాటకు పోస్ట్-పంక్ అని పేరుందని ఫోనులో వెతికి తెలుసుకున్నాను. పాట వింటే పేరు చెప్పే యాప్‌కు వినిపిస్తే అది చేతులెత్తేసింది. చిన్న ముక్క రికార్డు చేసి నెట్‌లో పెట్టి అడిగితే, ఏ దేశపువాడో, రెండు రోజులకు జవాబిచ్చాడు. బ్యాండు పేరు చెప్పాడు. వాళ్లది జౌళి మిల్లులు మూతపడ్డ ఊరట. చాచాకు చెబితే కళ్లు పెద్దవి చేసి "ఔనా? మనోళ్లే అన్నట్టు!" అన్నాడు. పేరు చెప్పబోతే మాత్రం వద్దన్నాడు. "పేరు తెలిస్తే పాట మారుతదా?" అందుకే నేనూ ఇక్కడ రాయడం లేదు.

అవే పాటలు స్టూడియోలో పాడినవి ఫోనులో దొరికాయి. శుభ్రంగా ఉన్నాయి. ఎవరూ దగ్గరు, ఎవరూ అరవరు. చాచా ఫోను మీద చెయ్యి పెట్టి రెండు నిమిషాలు విని తిరిగి ఇచ్చేశాడు.

"ఇది ఇస్త్రీ జేసిన అంగి. మనది తొడుక్కున్న అంగి."

మా కాసెట్టులో మూడో పాట నడుమ సన్న గిటారు తీగ తెగుతుంది. టప్పుమని వినిపిస్తుంది. లావు గిటారూ డ్రమ్మూ ఆగవు, దారి కాస్తూ తిరుగుతుంటాయి. జనంలోంచి ఎవడో కేక వేస్తాడు. కాసేపటికి తెగిన గిటారు వేరే దారిన వచ్చి కలుస్తుంది. అక్కడికి రాగానే చాచా ప్రతిసారీ నా మోచెయ్యి తట్టేవాడు. "సూసినవా? పోగు తెగింది. సాంచె ఆగలే." నాలుగో పాటకు ముందు ఒకడు ఎండు దగ్గు దగ్గుతాడు. "దూది దగ్గు. వాడు గూడ మిల్లుల చేసినోడే" అని చాచా తీర్పు. ఆ దగ్గే లేకపోతే ఆ పాట మొదలైనట్టు అనిపించదు నాకు. తప్పులన్నీ ఉంచేసిన సంగీతం అది. అందుకే అందులోకి మనం పోవచ్చు. అది వింటుంటే చెమట పట్టిన ఆ హాలులో నేనూ నిలబడి ఉన్నట్టుండేది. స్టూడియో పాటలో నిలబడే జాగా లేదు.

నాకు అప్పుడు ఊరికే కోపం వచ్చేది. సేటు మీద, ఫ్యాను లేని షెడ్డు మీద, 'ఆడిపిల్లవు, జర మెల్లగ మాట్లాడు' అనే ప్రతివాని మీద. చాచా ఎన్నడూ కోపం తగ్గించుకో అనలేదు. "కోపం మోటరు అసొంటిది బేటీ. బెల్టు ఎక్కియ్యకుంటే ఉత్తగనే తిరిగి ఏడెక్కి కాలిపోతది. దేనికన్న ఎక్కియ్యి." నేను ఇట్లా కాగితం మీద రాయడం మొదలుపెట్టింది ఆ మాట తర్వాతే.

ఇప్పుడు ఆ కాసెట్టుకు దెబ్బ తగిలిన రోజు సంగతి. బువ్వ వేళ దాటినా కరెంటు రాలేదు. బ్యాటరీల మీద కాసెట్టు తిరుగుతోంది. మోటర్ల స్విచ్చులు ఎవరూ ఆపలేదు, ఒక్కసారిగా కరెంటు వచ్చి సాంచాలన్నీ లేచాయి. చాచా టేపు ఆపబోయి తొందరలో రికార్డు చేసే ఎర్ర బటను నొక్కాడు. పాట మీద కార్ఖానా మోత ఎక్కసాగింది. అంతలో ఆయన మూడో నంబరు సాంచె వైపు చూశాడు. నాడె దారి తప్పి కొట్టుకుంటోంది. దానికి ఎదురుగా నేను నిలబడి ఎవరితోనో నవ్వుతున్నాను.

"బంజెయ్యుండ్లే మూడో నంబరు! పిల్లా, జరుగు! జరుగే!"

జరిగాను. ఇనుప ముక్కు ఉన్న నాడె ఎగిరి నేను నిలబడ్డ చోట గోడకు తగిలింది. సున్నం రాలింది. చాచా వచ్చి నా తల మీద ఒక్కటి ఇచ్చాడు. "నవ్వు ఇంటికాడ నవ్వు, సాంచె ముంగట గాదు!" తిరిగి వచ్చి ఎర్ర బటను ఆపేదాకా అంతా టేపులోకి ఎక్కింది. నలభై సెకన్లు. అయిదో పాట మధ్యలో అది ఉండిపోయింది. చాచా దానికి బాధపడలేదు. అక్కడికి రాగానే ముసిముసిగా నవ్వేవాడు.

తర్వాత నేను చేసిన పని చెప్పాలి. కాసెట్టు అరిగిపోతుందని నాకు భయం. ఒక మొబైల్ షాపులో వైరు అడిగి తెచ్చి పాటలన్నీ ఫోనులోకి ఎక్కించాను. వారం రోజులు కూర్చుని బాగుచేశాను. గరగర తీసేశాను. మా దగ్గర బట్టలో లోపం కనబడితే మొత్తం తానునే పక్కకు పడేస్తారు, అందుకే లోపం కనబడితే కత్తెర పట్టడం మా చేతులకు అలవాటు. అదే చేత్తో ఆ నలభై సెకన్లు కత్తిరించి, పాట రెండు కొసలూ అతికించాను. ఫోను నిండిందని ముందు ఎక్కించింది చెరిపేశాను.

గొప్పగా తీసుకెళ్లి వినిపించాను. చిన్న స్పీకరు మీద చెయ్యి ఆనించి చాచా మొత్తం విన్నాడు. అయిదో పాట అయిపోయింది. కళ్లు తెరిచాడు.

"దీంట్ల నేనేడ ఉన్ననే?"

"నువ్వెందుకుంటవు చాచా? అది వాళ్ల పాట గదా!"

"గా జనంల నేను గూడ ఉంటి గదనే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మల్ల ఎక్కిస్త చాచా. కాసెట్ల ఉన్నది గదా, యాడికి వోతది?"

"ఫికర్ లేదు. తీరినప్పుడు ఎక్కియ్యి."

నాకు తీరలేదు. ఆర్డర్లు లేక కార్ఖానా మూతపడింది. సాంచాలను తుక్కు కింద తూకానికి అమ్మారు. అవి లారీ ఎక్కుతుంటే చాచా ఒక్కొక్క దాన్ని తట్టి పంపాడు. నేను కరీంనగర్ పోయాను. శుక్రవారం శుక్రవారం ఫోను చేసేవాడు. నా మాట ఆయనకు వినబడదు, ఆయనే మాట్లాడి ఆయనే పెట్టేసేవాడు. పెట్టేసే ముందు "నన్నెప్పుడు ఎక్కిస్తవే?" అని నవ్వేవాడు. అన్ని ఫోన్లలో ఒక్కటి కూడా నేను రికార్డు చేయలేదు. ఆయన నవ్వు నా దగ్గర ఎక్కడా లేదు.

చాలీస్వాఁ, అంటే నలభయ్యో దినం నాడు మళ్లీ పోయాను. ఖురాన్ చదవడమూ తిండీ అయిపోయి చుట్టాలు వెళ్లాక, మధ్యాహ్నం చాచీ నన్ను లోపలికి పిలిచి గుడ్డలో చుట్టిన టేప్‌రికార్డరు ముందు పెట్టింది.

"తీస్కపో. నా సవితి ఇది. బతికినన్ని దినాలు దీని మీదనే చెయ్యేసిండు."

కాసెట్టు లోపలే ఉంది. బటను నొక్కితే మోటరు మూలిగింది గానీ చక్రం తిరగలేదు. విప్పి చూస్తే రబ్బరు బెల్టు కరిగి జిగురైపోయింది. గీకేసి, నా జడకున్న సన్న రబ్బరు తీసి ఎక్కించాను. తిరిగింది. కొంచెం నిదానంగా తిరిగింది.

టేపును ముందుకు తిప్పి అయిదో పాట పట్టుకున్నాను. లావు గిటారు నడుస్తోంది. పక్కన చాచీ తలగుడ్డ సర్దుకుంటూ, ఈ లొల్లిలో ఏముందన్నట్టు గోడ వైపు చూస్తోంది. నలభై సెకన్లంటే ఎంత టేపో ఆ ముందు రాత్రి లెక్క కట్టుకున్నాను. నాలుగు మూరలు. ఒక తువ్వాలంత పొడుగు. ఆ నాలుగు మూరల్లో తప్ప ఆయన గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు.

పాట తెగింది. సాంచాల మోత లేచింది. ఆ మోతలోంచి చాచా, రబ్బరు వదులుకు గొంతు కొంచెం బరువై, అరిచాడు.

"పిల్లా, జరుగు! జరుగే!"

చాచీ చప్పున వాకిలి వైపు తిరిగింది. అక్కడెవరూ లేరు. తర్వాత మెల్లగా డబ్బా దగ్గరికి జరిగి, నల్ల రంగు పోయిన చోట అరచెయ్యి ఆనించింది. గోడకు నాడె తగిలింది. మోత ఆగింది. పాట ఆగినచోట కాకుండా, కొంచెం ముందుకు పోయి అందుకుంది. చప్పట్లు కొట్టారు. దగ్గారు. టేపు చివరికొచ్చి బటను దానంతటదే టక్కున పైకి లేచింది.

"ఐపోయింది చాచీ" అన్నాను.

చాచీ వినలేదు. చెయ్యి అక్కడే ఉంది.