ఫ్రిజ్ తలుపు తెరిచి చేసిన ప్రార్థన

ఆ రోజుల్లో (మరీ తాతల కాలమేమీ కాదు, చేతిలో ఫోను, ఫోనులో వంటల వీడియోలు ఉన్న కాలమే) నాకు విశ్వాసం ఎంత ఉండేదో భయమూ అంతే ఉండేది. కొత్తగా ఉద్యోగం వచ్చిందని, కృతజ్ఞతగా మా సంఘ కాపరి అయ్యగారిని వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన తర్వాత భోజనానికి పిలిచాను. ఆయనకు పెద్ద మాంసమంటే ప్రాణం, కానీ పై పళ్ళు కట్టుడువి. "మీరు నమలక్కర్లేదు అయ్యగారూ, నోట్లో వేసుకుంటే కరిగిపోద్ది" అని చర్చి మెట్ల మీద అందరి ముందూ మాటిచ్చేశాను.

ఆ ధైర్యమంతా ఒక వీడియోది. గాలి తీసి సీలు చేసిన గేదె మాంసం ప్యాకెట్టును విప్పకుండా, గడ్డకట్టనివ్వకుండా, సున్నాకి కాస్త పైన కొన్ని వారాలు ఉంచితే తన రసంలో తానే మెత్తబడుతుందట. నాలుగు డిగ్రీలు దాటకూడదు, సీలు ఊడకూడదు, ప్యాకెట్టు ఉబ్బిందా, ఇక ఆలోచించకుండా పారేయాలి. ఫ్రిజ్ కింది అరలో, బాగా వెనక్కి, పళ్ళెంలో పెట్టి పక్కనే చిన్న థర్మామీటరు నిలబెట్టాను.

నాయనమ్మకు ఇది నచ్చలేదు. "ఒరేయ్, ఆకాశం నుంచి కురిసిన మన్నా దాచుకున్నోళ్ళకి ఏమైందో సండే స్కూల్లో చెప్పలేదంట్రా? పురుగులు పట్టలా?"

"విశ్రాంతి దినం కోసం దాచింది పాడవలేదుగా నాయనమ్మా!"

"అది దేవుడు దాచమన్నాడు. నిన్ను ఫోను దాచమంది."

భోజనానికి ముందురోజు, శనివారం పొద్దున గాలివానకు కరెంటు పోయింది. (డాబా ఎక్కితే ఇబ్రహీంపట్నం పవర్ స్టేషన్ పొగగొట్టాలు కనిపించే ఇల్లు మాది.) తలుపు తీయకపోతే చల్లదనం నిలుస్తుందని ఫ్రిజ్ ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. నాయనమ్మ వచ్చి, "ఇక దేవుడే దిక్కు, లే" అంటూ తలుపు బార్లా తెరిచి, ప్యాకెట్టు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. ఆమె ప్రార్థన చిన్నది కాదు. ముందు స్తుతి, తర్వాత రోగులు, విధవరాళ్ళు, కంకిపాడు మేనత్త మోకాళ్ళు, ఆపైన దేశాన్ని ఏలేవారు. ప్రార్థన మధ్యలో కదలకూడదని పెంచిన పిల్లవాణ్ణి, ఒక కన్ను మూసి రెండో కంటితో థర్మామీటరు చూస్తూ నిలబడ్డాను. మేనత్త మోకాళ్ళ దగ్గర ముల్లు నాలుగు దాటింది. ఏలికల దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది. ఉండబట్టలేక "ఆమేన్" అన్నాను. "ఇంకా మిషనరీలున్నారు" అంది కళ్ళు తెరవకుండానే.

కరెంటు సాయంత్రానికి గానీ రాలేదు. ఆదివారం పొద్దున చూస్తే ప్యాకెట్టు దిండులా ఉబ్బి ఉంది.

"ప్రార్థన చేశాం కదరా, వండెయ్. నమ్మకం లేదా?" అంది నాయనమ్మ.

"యేసుప్రభువును దేవాలయ శిఖరం ఎక్కించి దూకమన్నది ఎవరో గుర్తుందా?" అన్నాను.

"నన్ను సాతానంటావట్రా!" అంటూనే గొయ్యి తవ్వడానికి గునపం తెచ్చిచ్చింది.

మధ్యాహ్నం అయ్యగారి ముందు కోడిగుడ్ల పులుసు పెట్టి, జరిగినదంతా చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. "దేవుడు ఆలకించాడు బాబూ! వారాల తరబడి మాంసం దాస్తున్నావని తెలిసిన కాణ్ణుంచీ నేనూ మా ఇంట్లో ఆవిడా ఉపవాస ప్రార్థనలో ఉన్నాం. ఇంకాస్త పులుసు వెయ్యి."

నాయనమ్మ ఆ పూట ఆయనకు మజ్జిగ వడ్డించలేదు.

ఇప్పుడు నా ఫ్రిజ్‌లో మాంసం సవ్యంగానే మెత్తబడుతోంది. విప్పగానే వచ్చే పులుపు వాసన కాసేపటికి పోతుందనీ తెలుసు. తెలియంది ఒక్కటే: ఒక్క మాంసం ప్యాకెట్టు కోసం ఇన్ని మోకాళ్ళు వంగేలా చేసిన ఆ భయస్తుడైన కుర్రవాడు తానెంత ధనవంతుడో అప్పుడెందుకు గ్రహించలేదన్నది.