నాచు పొడి అడిగిన శేషమ్మ

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, నెల్లూరులో ఒక డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్ర శాఖాధిపతిగా ఉండగా నాకొక పరిశోధన ప్రాజెక్టు అప్పగించారు. సముద్రపు నాచుతో జింక్ ఆక్సైడ్ నానో కణాలు తయారుచేసి, మానని పుండ్లకు అవి పనికొస్తాయేమో చూడటం దాని ఉద్దేశం. నా ఉద్యోగ విరమణకు ఎక్కువ కాలం లేదు. ఈలోగా ఏదో ఒకటి తేలాలన్న ఆత్రం నన్ను కుదురుగా కూర్చోనిచ్చేది కాదు.

నాచు జువ్వలదిన్నె నుంచి వచ్చేది. రేవు దగ్గర రాళ్ళకు పట్టిన పచ్చటి నాచును శేషమ్మ అనే మత్స్యకార మహిళ గీకి తెచ్చిచ్చేది. మేం దాన్ని ఉప్పు పోయేదాకా కడిగి, నీడలో ఆరబెట్టి, పొడిచేసి, డిస్టిల్డ్ వాటర్‌లో కాచి వడకట్టేవాళ్ళం. ఆ కషాయంలో జింక్ నైట్రేట్ ద్రావణం కలిపి, వేడిమీద తిప్పుతూ క్షారం చుక్కలుగా వేస్తే తెల్లటి మడ్డి అడుగుకు దిగుతుంది. దాన్ని కడిగి ఫర్నేస్‌లో కాలిస్తే మెత్తటి పొడి మిగులుతుంది. కణాలు ఏర్పడేటప్పుడు ఒకదానికొకటి అంటుకుని పెద్దవి కాకుండా నాచులోని పదార్థాలు అడ్డుపడతాయి.

నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న నసీమా, చీము పుట్టించే బ్యాక్టీరియాను గాజు పళ్ళెంలో పెంచి, మధ్యలో ఆ పొడి వేసింది. మర్నాటికి పొడి చుట్టూ బ్యాక్టీరియా చచ్చి తేటగా ఒక వలయం కనిపించింది. అదే రోజు శేషమ్మ నాచు బస్తాతో వచ్చింది. నసీమా పట్టలేని సంబరంతో ఆమెకు పళ్ళెం చూపించింది.

శేషమ్మ నేరుగా నా గదిలోకి వచ్చింది.

“మేడమ్, మా ఆయనకు కాల్లో పుండు మానకుండా ఉండాది. షుగరంట. ఆ పొడి రవ్వంత ఈయండి.”

ఆస్పత్రికి వెళ్ళలేదా అని అడిగాను.

“పోతే కాలు తీసేస్తారని భయం మేడమ్. పడవ మీద నిలబడాల్సిన మనిషి. నేనెంత చెప్పినా కదల్డు.”

నేను ఇవ్వనన్నాను. పళ్ళెంలో పనిచేసిందల్లా మనిషి ఒంటిమీద పనిచేస్తుందని చెప్పలేం. ముందు చర్మపు జీవకణాల మీద, తర్వాత జంతువుల మీద, ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నాకే మనుషుల మీద పరీక్షించాలని వివరించాను. ఆమె వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

నసీమా ఊరుకోలేదు. జింక్ ఆక్సైడ్ మామూలు ఆయింట్‌మెంట్లలో ఉండేదే కదా అని వాదించింది. నిజమే. కానీ ఇంత చిన్న కణాలు పుండులోంచి రక్తంలోకి ఎంత పోతాయో మాకు తెలియదు. నిబంధన ప్రకారం నా జవాబు సరైనదే. అయినా ఆ వారం ఏ పనిమీదా మనసు నిలవలేదు. పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. పొడి ఉన్న బీరువాకు తాళం వేశానో లేదోనని మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసేదాన్ని. చివరికి ఆదివారం నసీమాను వెంటబెట్టుకుని జువ్వలదిన్నె వెళ్ళాను.

శేషమ్మ భర్త కోటయ్య వసారాలో కాలు చాపుకుని కూర్చున్నాడు. చివరి వేళ్ళు నల్లబడ్డాయి. వాకిలి దాకా వాసన వస్తోంది.

“పొడి తెచ్చినారా మేడమ్?” అన్నాడు. లేదన్నాను.

“ఒక్క మాట చెప్పండి. ఈ పుండు మీకే ఉంటే, మీరు చేసిన పొడి మీరు ఏసుకుంటారా?”

నసీమా నావైపు చూసింది.

“వేసుకోను. ఈపాటికి ఆస్పత్రిలో ఉండేదాన్ని,” అన్నాను.

అతను గోడ పట్టుకుని లేవబోయాడు. “అయితే పదండి. మీరూ రావాల,” అన్నాడు.

అప్పటికప్పుడు నా కారులోనే నెల్లూరు ఆస్పత్రికి తీసుకొచ్చాం. సర్జన్ రెండు వేళ్ళు తీసేశారు. పాదం నిలిచింది. ఇంకా ఆలస్యం చేసుంటే మోకాలి కింద దాకా తీయాల్సి వచ్చేదన్నారు.

వేసవిలో జీవకణాల పరీక్ష ఫలితం వచ్చింది. బ్యాక్టీరియాను చంపిన మోతాదే చర్మపు జీవకణాలనూ చంపింది. నసీమా మోతాదు తగ్గించి పని మళ్ళీ మొదలుపెట్టింది. శేషమ్మకు ఆ సంగతి చెబితే, “అట్టనా మేడమ్. ఆయన మాత్రం ఆ పొడి ఏసుంటే వేళ్ళు మిగిలేవనే అంటుండాడు,” అంది. కోటయ్య వేటకు వెళ్ళడం మానేసి ఒడ్డున వలలు బాగుచేస్తున్నాడు.

ఇంకా తెలియనిదాన్ని మందుగా ఇవ్వకూడదన్నది నాకు ముందు నుంచీ తెలుసు. అయితే కాదనిపించుకుని ఇంటికెళ్ళిన మనిషికి పుండు అలాగే ఉంటుంది. కాదన్నవాళ్ళే ఆ మనిషిని వైద్యం దొరికే చోటికి చేర్చాలన్నది మాత్రం నేను ఆ ఆదివారమే నేర్చుకున్నాను.