పోయిన బిడ్డలను పిలిచిన గొంతు

2006 నవంబరు 12, ముక్తేశ్వరం.

మొన్న శుక్రవారం ఉదయం మా ఊరి వీరభద్రుడి మేళం పెద్ద పోయారు. గొంతులో క్యాన్సరు. మేళం ఇకపై ఎవరి చేతిలో ఉండాలో పెద్దకర్మ నాడు తేలుస్తారట. ఆలోగా చెప్పవలసింది చెప్పాలని ఇది రాస్తున్నాను.

మా వైపు చిన్నతనంలో పోయిన బిడ్డలను కొన్ని ఇళ్ళలో వీరభద్రుడి అంశగా భావించి వీరులుగా కొలుస్తారు. ఆ ఇంట్లో పెళ్ళికి ముందు సంబరం చేస్తారు. బిడ్డకు గుర్తుగా దాచుకున్న విభూతి పండును, అంటే గట్టి విభూతి ఉండను, మేళంతో కాలువకు తీసుకెళ్ళి స్నానం చేయించి తెస్తారు. గట్టు మీద మేళం పెద్ద ఖడ్గం అనే స్తుతి చదువుతూ ఆ బిడ్డను పేరు పెట్టి పిలుస్తారు. మిగతా రోజుల్లో ఆ పేరు ఇంట్లో ఎవరూ పలకరు. చుట్టుపక్కల ఊళ్ళలో అలా పోయిన పిల్లల పేర్లన్నీ ఆయనకు నోటికి వచ్చు.

తొంభైలలో సంబరాలకు జనం తగ్గారు. కుర్రవాళ్ళు ఆర్కెస్ట్రా కావాలన్నారు. ఆయన రాజమండ్రి వెళ్ళి బ్యాండు వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకొచ్చి, వీరణం డోలు పక్కన శాక్సాఫోను పెట్టారు. తరువాత గిటారు, డ్రమ్ సెట్టు వచ్చాయి. మొదటిసారి విన్నప్పుడు మా మరిది వీధిలో అడ్డంగా నిలబడ్డాడు.

“ఏవండీ పెద్దగారూ, దీనికి వీరభద్రుడొస్తాడా, రికార్డింగ్ డాన్సు వాళ్ళొస్తారా?”

“ఆయ్, ముందు తవరొచ్చేరు కదండీ. ఇన్నేళ్ళలో ఏ సంబరానికైనా గడప దిగేరా?”

మరిది ఆ రోజు మేళం వెనక కాలువ దాకా నడిచాడు.

నాకూ ఆ మోత నచ్చలేదు. పాత వాద్యానికి ఏమొచ్చిందని అడిగాను.

“దానికేం రాలేదండమ్మా. వినేవాళ్ళకే వచ్చింది. జనం నిలబడకపోతే ఆ బిడ్డ పేరు నేను గోడకి చెప్పుకోవాలండి.”

శాక్సాఫోనును దానికి తోచినట్టు తిరగనిచ్చేవారు. డోలు నడక మాత్రం తప్పనిచ్చేవారు కాదు. సాధనకు ఆలస్యంగా వచ్చినవాడిని ఆ పూట వాద్యం ముట్టనిచ్చేవారు కాదు. ఆ కచ్చితత్వం చూసే నేను ఆయనను గౌరవించాను.

2001లో కూతుర్ని కీబోర్డు ముందు కూర్చోబెట్టారు. వీరభద్రుడి మేళంలో ఆడపిల్ల ఏమిటని పాత డోలు వాళ్ళు కొందరు మానేశారు. “వేళ్ళకి ఆడా మగా ఏంటండీ?” అని ఆయన ఊరుకున్నారు.

ఈ వైశాఖంలో మా మనవడి పెళ్ళి కుదిరేనాటికి ఆయన గొంతు పూర్తిగా పోయింది. అంతకుముందు ఇద్దరి ఇళ్ళలో ఖడ్గం లేకుండా వాద్యాలతోనే కానిచ్చారు. మేళం అదిరిందని మెచ్చుకున్నారు గాని, పేరు పిలవలేదేమని ఎవరూ అడగలేదట. ఆ మాట నాతో చెబుతూ కూతురు ఏడ్చింది. మంచం మీద ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

అయినా మా సంబరానికి వచ్చారు. నేను పళ్ళెంలో విభూతి పండుతో కాలువ మెట్టు మీద నిలబడ్డాను. డ్రమ్ములు హోరెత్తుతున్నాయి. ఆయన నోరు కదిలింది, మాట రాలేదు. చెయ్యెత్తి అన్నీ ఆపించి కూతురివైపు చూశారు. ఆమె లేచి నా పక్కకు వచ్చింది.

“నాన్నగారు పిలవలేరండి. పేరు చెప్పండి మామ్మగారూ, నేను పిలుస్తాను.”

ఆరేళ్ళ వయసులో జ్వరంతో పోయిన నా పెద్దకొడుకు పేరు ఆమె చెవిలో చెప్పాను. ఖడ్గం ఆమెకు రాదు. పేరు ఒక్కటే నీళ్ళవైపు తిరిగి పిలిచింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

ఇప్పుడు మేళం వాళ్ళు ఖడ్గం మానేసి సంగీతం ఒక్కటే ఉంచుదామంటున్నారు. అమ్మాయి కీబోర్డు దగ్గరే ఉండాలట. అలా చేస్తే ఆయన తెచ్చిన వాద్యాలు మిగులుతాయి. ఎవరికోసం తెచ్చారో ఆ పిల్లలు మిగలరు.

కనుక జరగవలసినవి:

1. పెద్దకర్మ నాడు మేళం కూతురి చేతికి ఇవ్వాలి.
2. వీరులున్న ఇళ్ళవాళ్ళు వెళ్ళి తమ బిడ్డల పేర్లు ఆమెకు చెప్పాలి. తల్లి బతికి ఉంటే తల్లే వెళ్ళాలి.
3. మానేసిన పాత డోలు వాళ్ళకే ఇప్పుడు ఖడ్గం వచ్చు; వాళ్ళు అలక మాని ఆమెకు నేర్పాలి.
4. కొత్త వాద్యాలు వేటినీ తీసెయ్యకూడదు.
5. మొదట్లో ఆమె గొంతు వణుకుతుంది. అప్పుడు మోత పెంచి దాన్ని కప్పకూడదు.