వాల్వే అనుకుందాం

బండి మైలేజీ పడిపోతే ఓనరు బానెట్ ఎత్తి చూడడు, డ్రైవర్ మొహం చూస్తాడు. ఈ పనిలో అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదే. నేను మాత్రం అన్నిటికంటే చివర నేర్చుకున్నాను. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, టైర్లలో గాలి తగ్గినా, బ్రేకు పట్టేసి చక్రం బిగుసుకున్నా పెట్రోలు తాగేది బండే. తాగాడన్న పేరు మాత్రం డ్రైవర్‌కి వస్తుంది. ఇప్పుడు నేను సొంతంగా క్యాబ్ తిప్పుకుంటున్నాను. నా బండి ఎంత తాగినా అడిగేవాళ్ళు లేరు. అయినా ఈ రోజుకీ డాష్‌బోర్డు మీద ఇంజిన్ వేడి చూపించే ముల్లు వైపు చూడకుండా అమీర్‌పేట సిగ్నల్ దాటలేను.

నేను డ్రైవర్ అవుదామని అవలేదు. డిగ్రీ అయ్యాక మైత్రీవనంలో ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు చేశాను. దానికి ఇప్పుడు గిరాకీ లేదంటే ఇంకోటి చేశాను. నాతో పాటు ఆ మెట్లెక్కి దిగినవాళ్ళలో కొందరికి ఉద్యోగాలొచ్చాయి, నాకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది. అమ్మ ఎస్.ఆర్. నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. మేం వెళ్ళే చర్చిలోనే సార్ సంఘ పెద్ద, ఇల్లు పంజాగుట్టలో. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మ ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడి, "సార్, పిల్లగాడు ఖాళీగ ఉన్నడు. ఏదన్న జర చూడుండ్రి" అంది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "కారు నడపడం వచ్చా బాబూ?" అన్నారు. అలా కుదిరింది. నీ కొడుకు మంచివాళ్ళ చేతిలో పడ్డాడని సంఘంలో అందరూ అమ్మతో అన్నారు. నిజమే, సార్ మంచివారు. నా గొడవంతా అక్కడే ఉంది.

ఆయన ఎప్పుడూ గొంతు పెంచలేదు. నన్ను ఒరేయ్ అనలేదు. మధ్యాహ్నం అమ్మగారు వాళ్ళు తినేదే నాకూ పెట్టేవారు. సార్ గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి, ఆడిట్ ఆఫీసులో జీవితమంతా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు ఒకరి మీద అనుమానం కలిగితే అది తప్పు కావడం సర్వీసులో ఒక్కసారీ జరగలేదట. ఈ మాట ఆయనే నవ్వుతూ చెప్పేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

కారు పాతది. తిరుగుడు కూడా పెద్దగా ఉండేది కాదు. పొద్దున అమ్మగారి మోకాళ్ళ వైద్యానికి బేగంపేట, మధ్యలో ఎప్పుడైనా అమీర్‌పేటలో కూరగాయలు, సాయంత్రం చర్చి. ఆ వేసవిలో అమ్మకు జ్వరమొచ్చి నేను కొన్నాళ్ళు సెలవు పెట్టాను. అప్పుడు సార్ అల్లుడుగారు బండి నడిపారట, పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద అది ఆవిర్లు కక్కి ఆగిపోయిందట. సార్ ఎప్పుడూ చూపించే షెడ్డుకి లాక్కెళ్ళి బాగుచేయించారు. నేను తిరిగి పనిలోకి వచ్చాక "బండి బాగైంది బాబూ" అన్నారంతే. ఏం బాగుచేశారో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. అడిగినా ఆయనకు తెలిసుండదు. నిజంగానే బండి చల్లబడింది. మండుటెండలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా ముల్లు అడుగు నుంచి లేచేది కాదు. ఆ మెకానిక్ గట్టివాడే అనుకుని సంతోషపడ్డాను.

ఆ తరవాత మైలేజీ పడింది. లీటరుకి పన్నెండు దాకా ఇచ్చే బండి ఎనిమిదికి దిగింది. "ఏంటి బాబూ, ఈ మధ్య మన బండికి దాహం ఎక్కువైంది?" అన్నారు సార్ ఒకరోజు. నేను ఎండలు కదా సార్ అన్నాను. తరవాతి సారి ఆయనే నాతో బంకుకి వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. మీటరు వైపు కాదు, నా చేతుల వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ పైవారం, "తాళం నీ దగ్గర ఎందుకులే బాబూ, వెళ్ళేటప్పుడు లోపల మేకుకి తగిలించి వెళ్ళు" అన్నారు. తగిలించి వెళ్ళాను.

పొద్దున బండి కదిలే ముందు సార్ డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవారు. మా ప్రయాణాన్ని కాపాడు ప్రభువా, ఎదురొచ్చే వాళ్ళను కాపాడు ప్రభువా అని ఎప్పుడూ రెండు మాటలే. అప్పటినుంచి మూడో మాట చేరింది. మాలో ఎవరి చేతులైనా అపవిత్రమై ఉంటే వాటిని కడుగు ప్రభువా. బండిలో ముగ్గురం ఉండేవాళ్ళం. ఒకరు సంఘ పెద్ద, ఒకరు మోకాళ్ళ నొప్పితో ఉన్న పెద్దావిడ. మిగిలిన రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉండేవి. నేను ఆమెన్ అనేవాణ్ణి. అనకపోతే అదొక గుర్తు, అంటే ఇంకో గుర్తు. ఎవరైనా నింద వేస్తే జవాబు చెప్పుకోవచ్చు. మన కోసం ప్రార్థన చేసేవాళ్ళకి ఏం జవాబు చెప్తాం? నాకు ఒళ్ళు మండిపోయేది.

తప్పు బండిలోనే పట్టుకుంటానని పంతం పట్టాను. టైర్లలో గాలి పట్టించాను. ఫిల్టర్ విప్పి దులిపాను. జాకీ పెట్టి ఒక్కో చక్రమూ ఎత్తి చేత్తో తిప్పి చూశాను. ఎక్కడా పట్టడం లేదు, హాయిగా తిరుగుతున్నాయి. పెట్రోలు కారుతుందేమోనని ఒక సాయంత్రం ట్యాంకు కింద అట్టముక్క పరిచి వెళ్ళాను. మర్నాడు పొద్దున్నే వచ్చి బండి కింద దూరి, ఆ అట్టముక్కను తీసి వాసన చూస్తున్నాను. తలెత్తితే బాల్కనీలో అమ్మగారు నిలబడి ఉన్నారు, చేతిలో కాఫీ గ్లాసు. ఆ రోజు మధ్యాహ్నం అన్నంలోకి ఒక ఆమ్లెట్ ఎక్కువ వేశారు. ఆకలితో చేస్తున్నాడనుకుని ఉంటారు. తాటిచెట్టు కింద పాలు తాగాడని మనవాళ్ళు ఊరికే అనలేదు. నేనైతే ఆ చెట్టు కిందే కాపురం పెట్టాను.

"బండిలోనే ఏదో ఉంది సార్, షెడ్డులో చూపిద్దాం" అన్నాను. "మొన్నే కదా బాబూ అంతా చూపించింది" అన్నారాయన. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేనూ రెండు మాటలు అనేవాణ్ణి.

ముల్లు సంగతి నాకు అమీర్‌పేటలో తట్టింది. ఒకరోజు సార్‌ని మెట్రో దగ్గర దింపి, ఆయన తిరిగొచ్చేదాకా ఎక్కడా ఆపుకోనివ్వక చుట్టూ తిరుగుతూ, ఆ ఎండలో ఆ రద్దీలో చాలాసేపు బండిలోనే కూర్చున్నాను. పక్కన ఆటోవాడు ఇంజిన్ ఆపేసి దిగి ఒళ్ళు విసురుకుంటున్నాడు. నా బండి ముల్లు మాత్రం అప్పుడే మంచం దిగినట్టు అడుగునే ఉంది. మనుషులే ఉడికిపోతుంటే ఇంజిన్ ఎందుకు వేడెక్కడం లేదు? అంతకాలం మంచి గుణం అనుకున్నది మొదటిసారి రోగంలా కనిపించింది. వెనక గల్లీలో నాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు. నా కోర్సు రోజుల్లో అతని షెడ్డు పక్కనే టీ తాగేవాళ్ళం. మర్నాడు కూరగాయలకి వెళ్ళినప్పుడు బండి అక్కడికి తీసుకెళ్ళాను.

"అన్నా, బండి ఎప్పుడూ గరం కాదు. గదేమన్న తేడానా?" అన్నాను.

"గరం అయితేనే తేడా అంటరు అందరు. నువ్వు ఉల్టా అడుగుతున్నవేంది?" అని నవ్వాడు. బండి చల్లారాక ఇంజిన్ పక్కనున్న చిన్న మూత విప్పి చూశాడు. లోపల ఖాళీ. "వాల్వ్ లేదు భాయ్, ఎవడో పీకి పారేసిండు. బండి కాగుతున్నదంటే గిట్లనే చేస్తరు కొందరు. మళ్ళ కాగది, ఫికర్ ఉండదు. కానీ ఇంజన్ మాత్రం ఎప్పటికి చలిల ఉన్ననే అనుకుంటది, పెట్రోల్ గుంజుతనే ఉంటది."

ఇంజిన్ సరిపడా వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌లోకి వదలకుండా ఆపేది ఆ వాల్వ్. గుప్పిట్లో పట్టేంత ఉంటుంది. నా మాన మర్యాదలు దాని లోపలికి దూరి ఉన్నాయి. ఆ క్షణంలో నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి.

పరుగున ఇంటికి వెళ్ళి సార్‌కి చెప్పాను. ఆయన పేపరు మడిచి నిదానంగా విన్నారు. "మన మెకానిక్ పాతికేళ్ళుగా చూస్తున్నాడు బాబూ. ఉన్న వస్తువు ఎందుకు తీసేస్తాడు?" అన్నారు. పేపరు మళ్ళీ విప్పుతూ, "ఎవరి మీదకీ నెట్టకు" అన్నారు. ఇక నేనే నా జీతంలోంచి కొత్త వాల్వ్ వేయించాను. ఫ్యాను వైరు వదులుగా ఉంది, ఫ్లైఓవర్ మీద కాగింది దీనివల్లే అని దాన్నీ బిగించాడు మెకానిక్. ఇంటికొస్తుంటే ముల్లు మెల్లగా లేచి సగానికి వచ్చి ఆగింది. దాన్ని చూసుకుంటూ మరీ నడిపాను.

మైలేజీ తిరిగి వచ్చింది. కొన్నాళ్ళకి సార్ నన్ను పిలిచి భుజం మీద చెయ్యి వేశారు. కళ్ళల్లో నీళ్ళు. "చాలా సంతోషం బాబూ, బండి మునుపటిలా ఇస్తోంది" అన్నారు. "వాల్వ్ వేయించాను సార్, దాని పెట్టె కూడా దాచాను" అని జేబులోంచి తీయబోయాను. ఆయన నా చెయ్యి ఆపారు. "సరే, వాల్వే అనుకుందాం. ఎలాగైతేనేం, బాగైంది కదా" అన్నారు. బుద్ధి తక్కువై, ఆయన నా మాట ఒప్పుకున్నారనే అనుకున్నాను. ఇంటికి వెళ్ళి, సార్‌కి అంతా అర్థమైందని అమ్మతో చెప్పాను. ఏం అర్థమైందని అమ్మ అడిగింది. పెట్రోల్ సంగతి అమ్మకి అప్పటిదాకా చెప్పలేదు, తల దించుకుంటుందని. అప్పుడూ చెప్పలేదు.

ఆ నెలలోనే అమ్మగారి మోకాళ్ళు కాస్త నెమ్మదించాయని సార్ ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. అమ్మనూ పిలిచారు. అమ్మ ఉతికిన చీర కట్టుకుని ఆడవాళ్ళలో ముందు వరసలో చాప మీద కూర్చుంది. నేను గుమ్మం దగ్గర కారు తాళాలతో నిలబడ్డాను. వాక్య సందేశం అయ్యాక సార్ సాక్ష్యం చెప్పడానికి లేచారు. మోకాళ్ళ గురించి చెప్పారు. తరవాత గొంతు సవరించుకుని, "ఇంకొక మేలు కూడా ఉందండి. పేరు చెప్పను. మన మధ్య ఉన్న బిడ్డే. మా ఇంటి వాహనం విషయంలో చిన్న శోధనలో పడ్డాడు. మేం కోప్పడలేదు, పనిలోంచి తీసేయలేదు, పోలీసుల దాకా పోలేదు. ప్రార్థనలో పెట్టాం. ప్రభువు ఆ బిడ్డ చేతుల్ని ముట్టుకున్నాడు. ఇవాళ బండి మళ్ళీ పన్నెండు ఇస్తోంది" అన్నారు.

అందరూ స్తోత్రం అన్నారు. లీటరుకి పన్నెండుకి స్తోత్రం చెప్పడం నేను అదే మొదటిసారి వినడం. పేరు చెప్పలేదు కాబట్టి ఎవరూ అటూ ఇటూ వెతుక్కోలేదు, అందరూ తిన్నగా నన్నే చూశారు. ఆ చూపుల్లో అసహ్యం లేదు, ప్రేమ ఉంది. "వాల్వ్ లేదండీ, అందుకే..." అని నేను మొదలుపెట్టాను. ముందున్న ఒక పెద్దావిడ, "పర్లేదు నాయనా, సిగ్గుపడకు" అంది. పాస్టరు అయ్యగారు వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆయన చెయ్యి కింద నుంచి చూస్తే అమ్మ కనిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

మళ్ళీ ఆ వాల్వ్ పీకేద్దామా అనిపించింది. పీకితే మైలేజీ పడుతుంది, అప్పుడు తెలుస్తుంది వీళ్ళకి అనుకున్నాను. ఏం తెలుస్తుంది? మళ్ళీ పడిపోయాడంటారు. ఇంకా ప్రేమగా ప్రార్థన చేస్తారు. బండి బాగున్నా నేను దొంగనే, పాడైనా దొంగనే. బాగుంటే మారిన దొంగను, అంతే తేడా.

కూడిక అయ్యాక నేనూ అమ్మా నడిచే బయల్దేరాం. అమ్మగారు ఇచ్చిన కేకు ముక్కల పొట్లం అమ్మ చేతిలో ఉంది. అమీర్‌పేట దాకా అమ్మ నాకంటే రెండడుగులు ముందే నడిచింది. మెట్రో స్తంభాల కింద జనం తోసుకుంటూ పోతున్నారు. రోడ్డు దాటడానికి ఆగినప్పుడు, నా వైపు చూడకుండా అడిగింది.

"ఎందుకు తీసినవ్ బిడ్డా? పైసలు కావాల్నంటే నన్నడిగితే ఇయ్యకపోదునా?"

అక్కడే నిలబడి అంతా చెప్పాను. ఫ్లైఓవర్ మీద బండి కాగడం, వాల్వ్ పీకేయడం, ముల్లు, గల్లీలో మెకానిక్. జేబులోని పెట్టె తీసి చేతిలో పెట్టాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. తరవాత పెట్టె నా జేబులోనే పెట్టి, నా చెయ్యి పట్టుకుంది.

"సరే బిడ్డా, అయిందేదో అయింది. గంత మంచోళ్ళు, మాఫ్ చేసిండ్రు. ఇగ తియ్యకు" అంది.

సిగ్నల్ పడింది. వెనక నుంచి జనం నెడుతున్నారు. అమ్మ నా మొహంలోకి చూస్తూ నిలబడింది, మాట ఇచ్చేదాకా కదిలేలా లేదు.

"తియ్యనమ్మా" అన్నాను.