గోల్కొండలో నేను కొట్టిన రెండు చప్పట్లు

దయ్యాలంటే నాకు నవ్వు. ముసునూరులో నాది మోటారు రివైండింగ్ షాపు. కంటికి కనపడకుండా మనిషిని చంపేది నాకు తెలిసి ఒక్కటే, కరెంటు. మా అమ్మ దిష్టి తీస్తానంటేనే కసురుకునే రకాన్ని. అలాంటి నేను ఇది రాస్తున్నాను. మీరు నమ్మినా నమ్మకపోయినా నాకు పోయేదేం లేదు.

నాగరాజు, సురేషు, ప్రసాదు, నేను బళ్ళో ఒకే బెంచీ. ప్రసాదు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. సురేషుకి మామిడితోట ఉంది. నాగరాజు ఆ తోటలోనే కాయలు కోసేవాడు. స్నేహం స్నేహమే, కూలి కూలే. వాళ్ళిద్దరికీ అది అలవాటైపోయింది.

పోయినేడు మే నెలలో నాగరాజు చిక్కంతో కాయలు కోస్తూ కరెంటు కొట్టి పోయాడు. చిక్కం అంటే చివర వలసంచీ కట్టిన పొడుగాటి వెదురు గడ. ఆ తోట మీదుగా పెద్ద లైను వెళ్తుంది. వాడు తాగి చెట్టెక్కి తీగ పట్టుకున్నాడని సురేషు చెప్పాడు. ఊరంతా నమ్మింది. నాగరాజు జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. నమ్మనిది ఇద్దరమే, వాడి భార్య దుర్గ, నేను.

"బతికున్నన్నాళ్ళూ లేదు గానీ, చచ్చాక తాగుబోతయ్యాడన్నయ్యా మీ ఫ్రెండు" అని ఆ అమ్మాయి నా షాపు ముందు నిలబడి ఏడ్చింది.

శవాన్ని నేను చూశాను. రెండు అరచేతులూ కాలిపోయి ఉన్నాయి, తీగ పట్టుకున్నట్టు సన్నగా కాదు, గడ పట్టుకున్నట్టుగా అడ్డంగా, వెడల్పుగా. ఎండిన వెదురు పట్టుకుంటే అలా కాలదు. ఇనప గొట్టమైతే కాలుతుంది. కానీ చెట్టుకింద కనపడింది వెదురు చిక్కమే. సురేషుని అడిగితే, "నీకెందుకురా, నీ మోటార్లేవో నువ్వు చూసుకో" అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. వాడి నోటితోనే నిజం కక్కించి దుర్గ ముందు నిలబెట్టాలని ఒట్టేసుకున్నాను.

గాంధీ జయంతి సెలవుకి రండ్రా, సిటీ అంతా తిప్పుతానని ప్రసాదు పిలిచాడు. సురేషు వెళ్తున్నాడని తెలిసే నేనూ బయల్దేరాను. ఊళ్ళో వాడి చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉంటారు. అక్కడైతే ఒంటరిగా దొరుకుతాడు. హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కి ఇద్దరం పక్కపక్క సీట్లలో కూర్చున్నాం. అడుగుదామనుకుంటూనే హైదరాబాదు వచ్చేసింది.

సిటీ చూశాంలెండి. మెట్రో ఎక్కాం. చార్మినార్ దగ్గర ఇంట్లోవాళ్ళకి గాజులు కొన్నాం. బిర్యానీకని వెళ్తే, ఈరోజు గాంధీ జయంతి, మాంసం లేదన్నారు. సరిగ్గా ఈరోజే చూసుకుని బిర్యానీ కోసం నూజివీడు అవతల నుంచి దిగిన మొనగాళ్ళు మీరేరా అని ప్రసాదు పడీపడీ నవ్వాడు. సురేషు కూడా నవ్వాడు. ఆ నవ్వు చూడలేక పప్పన్నం సగంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాను.

మధ్యాహ్నం గోల్కొండ వెళ్ళాం. కింద గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే కొండపైన వినపడుతుందట. నాకు మోకాలి నొప్పి, కిందే ఉండిపోయాను. వాళ్ళిద్దరూ ఎక్కారు. పైకెళ్ళాక సురేషు ఫోన్ చేసి "కొట్టరా" అన్నాడు. ఫోన్ పెట్టేసి రెండు చప్పట్లు కొట్టాను. రెండే. నోరు తెరవలేదు. మంచి ఎండ, చుట్టూ జనం.

కాసేపటికి సురేషు మెట్లమీద నుంచి పడుతూ లేస్తూ దిగాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. వస్తూనే నా చొక్కా పట్టుకున్నాడు.

"నాగరాజు గొంతుతో అరుస్తావేంట్రా! 'గొట్టం వద్దురా సురేషూ, పైన తీగలున్నాయి, వెదురుదే ఇవ్వరా' అని... ఆ మాట నీకెవడు చెప్పాడ్రా? అప్పుడక్కడ మేమిద్దరమే కదా ఉంది!"

అనేశాక గానీ ఏమన్నాడో వాడికే తెలియలేదు. చొక్కా వదిలేసి మెట్టుమీద కూలబడ్డాడు. పైకొమ్మలకి వెదురు అందడం లేదని ఇనప గొట్టానికి వల కట్టి ఇచ్చింది తనే. నాగరాజు వద్దంటున్నా వినకుండా చేతిలో పెట్టింది తనే. వాడు పడిపోయాక గొట్టం తీసేసి వెదురుది పెట్టిందీ తనే. అంతా చెప్పాడు. నాకు జాలి వెయ్యలేదు. నిజం చెప్పొద్దూ, కడుపు చల్లబడింది. ఏడవరా, బాగా ఏడు అనుకున్నాను.

పైన సురేషు భుజానికి భుజం ఆనించి నిలబడ్డ ప్రసాదుకి రెండు చప్పట్లే వినపడ్డాయి. అప్పుడు వాడు వీడియో తీస్తున్నాడు. అది నా ఫోన్లో ఉంది, షాపులో కూర్చుని ఎన్నిసార్లు విన్నానో. గాలి, ఎవరో పిల్లాడి ఏడుపు, రెండు చప్పట్లు. ఇంకేం లేదు. నాగరాజు ఆ మాట అన్నాడని ఆరోజు దాకా నాకు తెలియనే తెలియదు.

మర్నాడు సురేషుని నేరుగా దుర్గ ఇంటికి తీసుకెళ్ళాను. వాకిట్లో, ఇరుగుపొరుగు అందరూ వింటుండగా చెప్పించాను. తర్వాత పోలీస్ స్టేషన్లోనూ అదే చెప్పాడు. ఊళ్ళో ఇప్పుడెవరూ నాగరాజుని తాగుబోతు అనడం లేదు.

అందరూ వెళ్ళాక, అసలు వాడు నోరెలా విప్పాడని దుర్గ అడిగింది. గోల్కొండ సంగతి చెప్పాను. దయ్యం గియ్యం అంటే కొట్టిపారేస్తుందనుకున్నాను. ఆ అమ్మాయి గడపమీద కూలబడింది.

"అంతదూరం వెళ్ళి వాడితో మాట్లాడాడా అన్నయ్యా? ఆయన పోయినకాడ్నించీ నేను రోజూ పిలుస్తున్నాను. నాతో ఒక్క మాట మాట్లాడలేదేం?"

గోల్కొండలో ఏం జరిగిందో నాకు ఈనాటికీ తెలియదు. దుర్గ అడిగిన మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆ వీడియో పెట్టుకుని మళ్ళీ వింటాను.